ఆవిరి లేచే నేల మీద అజాన్

జావా ద్వీపంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఊరు ఏదంటే అక్కడివారు సెంబుంగన్ పేరు చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తు. మన అరకు లోయకు రెండింతలు దాటిన ఎత్తన్నమాట. భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దూరంలోనే ఉన్నా అక్కడ రాత్రిళ్ళు దుప్పటి మీద దుప్పటి కప్పుకోవలసిందే. ఆ ఊరి మస్జిదులో ఫజ్ర్ అజాన్ వినిపించే వేళకే సందుల్లో టార్చిలైట్లు కదులుతుంటాయి. వాళ్ళంతా నమాజుకు బయలుదేరినవారు కారు. చాలామంది జకార్తా, సెమరాంగ్, యోగ్యకర్తాల నుంచి వచ్చిన యాత్రికులు. ఊరి పక్కనే ఉన్న సికునిర్ కొండ ఎక్కి సూర్యోదయం చూడాలని వాళ్ళ తొందర.

ఎక్కుడు పెద్దదేమీ కాదు. అరగంట, మహా అయితే ముప్పావుగంట. దారిలో నమాజుకు చోటుంది, వుజూకు నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు ఒక్కసారి మోచేతుల దాకా పోసుకుంటే ఆ ఊరి చలి గురించి ఇంకెవరూ చెప్పనక్కరలేదు. జావా నుంచి కూడా ఖిబ్లా మనకు లాగే పడమటి వైపే, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. కాబట్టి సూర్యోదయం కోసం వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చినవారు ఎర్రబారుతున్న తూర్పుకు వీపు పెట్టి నమాజు పూర్తిచేసుకుని, ఆ తర్వాతే కెమెరాలు తీస్తారు. సలాం చెప్పి తల తిప్పేసరికి ఎదురుగా సిందోరో శిఖరం, దాని వెనుక సుంబింగ్, ఇంకా దూరాన మెర్బాబు, పొగ కక్కుతూ మెరాపి. జావా భాషలో ‘కునిర్’ అంటే పసుపు. సూర్యుడి తొలి కిరణాలు పడినప్పుడు కొండ పసుపు పూసినట్టు ఉంటుందని సికునిర్ అన్నారట. ఆ పేరు పెట్టినవారెవరో గాని కళ్ళున్నవారు.

కొండ మీద నిలబడినవారందరూ దూరాన శంఖువుల్లా కనిపించే ఆ శిఖరాలను చూపించి అవిగో అగ్నిపర్వతాలు అంటారు. తాము నిలబడినది కూడా అగ్నిపర్వతమే అన్న సంగతి చాలామందికి స్ఫురించదు.

అగ్నిపర్వతం లోపల కాపురం

సెంబుంగన్ ఉన్న ప్రాంతాన్ని డియెంగ్ పీఠభూమి అంటారు. మధ్య జావా రాష్ట్రంలో వొనొసోబో, బంజర్నెగరా జిల్లాల సరిహద్దు మీద ఉంది. సరిహద్దు ఎంత విచిత్రంగా వెళ్తుందంటే డియెంగ్ ఊరే రెండుగా చీలిపోయింది. తూర్పు డియెంగ్ ఒక జిల్లాలో, పడమటి డియెంగ్ మరో జిల్లాలో. యోగ్యకర్తా నుంచి మాగెలాంగ్ మీదుగా వొనొసోబో చేరడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. అక్కడి నుంచి చిన్న బస్సులో 26 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. బస్సులో మనుషులతో పాటు కాబేజీ మూటలు, కోళ్ళ గంపలు కూడా ఎక్కుతాయి. కింది నుంచి పైకి పోతున్నకొద్దీ వరిమళ్ళు పోయి పొగాకు, పొగాకు పోయి బంగాళాదుంప కనిపిస్తుంది.

మామూలుగా అగ్నిపర్వతమంటే నెత్తిన నోరు తెరుచుకున్న కొండ. డియెంగ్ అలాంటిది కాదు. ఒక్క నోరు కాదు, పదుల నోళ్ళు. పాతకాలంలో పేలి కుంగిపోయిన పెద్ద గుంట, అందులో మళ్ళీ లేచిన చిన్న కొండలు, వాటి మధ్య బిలాలు, సరస్సులు, ఆవిరి చిమ్మే పగుళ్ళు. ఊళ్ళు, పొలాలు, బడులు, మస్జిదులు అన్నీ ఆ గుంట లోపలే ఉన్నాయి. మన దక్కను నేల కూడా లావా పేర్చినదే. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఆ రాతి అరుగుదలే. కాని మన నిప్పు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందటే చల్లారింది. అక్కడిది చల్లారలేదు. రెండు నేలల్లోనూ పంట బాగా పండుతుంది. ఒకదాని మీద నిశ్చింతగా నిద్రపోవచ్చు, రెండోదాని మీద కుదరదు. తేడా అంతే.

నిప్పు ఎంత దగ్గరలో ఉందో చూడాలంటే సికిదాంగ్ బిలం దగ్గరికి వెళ్ళాలి. బూడిదరంగు బురద కుతకుత ఉడుకుతూ ఉంటుంది. ‘కిదాంగ్’ అంటే జింక. బురద మడుగు ఒకచోట ఆగి మరోచోట పుడుతూ జింకలా గెంతుతుందని ఆ పేరు. అక్కడి వ్యాపారులు ఆ వేడినీళ్ళలో కోడిగుడ్లు ఉడికించి అమ్ముతారు. గంధకం వాసనకు ముక్కు మూసుకుంటూనే జనం కొని తింటారు. దగ్గరలోనే తెలగ వర్న అనే సరస్సు. తెలగ అంటే కొలను. వర్న అంటే మన వర్ణమే. గంధకం వల్ల నీరు ఒకసారి పచ్చగా, ఒకసారి నీలంగా, పాలు కలిపినట్టుగా మారుతుంది. దానికి ఆనుకునే అద్దంలాంటి తేటనీటితో ఇంకో కొలను ఉంది. ఒక సన్నని గట్టు తప్ప రెండింటికీ మధ్య ఏమీ లేదు.

భూమిలోని ఆవిరిని పైపుల్లో పట్టి కరెంటు తీసే కేంద్రం కూడా ఇక్కడ ఉంది. 60 మెగావాట్ల సామర్థ్యం. రోడ్ల పక్కన, పొలాల మధ్య, కొన్నిచోట్ల ఇళ్ళ వెనుక నుంచి వెండి రంగు పైపులు పాముల్లా పోతుంటాయి. 2022 మార్చిలో ఒక బావి దగ్గర గ్యాస్ లీకై ఒక కార్మికుడు చనిపోయాడు. కొత్త బావులు తవ్వుతామంటే చుట్టుపక్కల ఊళ్ళవారు అడ్డుపడటంలో ఆశ్చర్యం లేదు.

ఇంటికి వచ్చినవారిని ఇక్కడ వంటింట్లో కూర్చోబెడతారు. అమర్యాద అనుకోకూడదు. ఇంట్లో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. మధ్యలో బొగ్గుల కుంపటి, చుట్టూ చిన్న పీటలు, భుజాల చుట్టూ కప్పుకున్న లుంగీలు. తియ్యటి వేడి టీ ముందుగా వస్తుంది. దానితోపాటు తెంపె కెముల్. పులియబెట్టిన సోయా అట్టును ముక్కలు కోసి పసుపు పిండిలో ముంచి వేయించినది. మన బజ్జీకి దూరపు చుట్టం. వొనొసోబోలో అయితే చిక్కటి జారుతో, కాబేజీ తురుముతో ఇచ్చే సేమ్యాలాంటి మీ ఓంక్లొక్ తినకుండా వచ్చినవారిని ఆ ఊరివారు క్షమించరు. కొండబొప్పాయిని పాకంలో వేసి సీసాల్లో అమ్ముతారు. దాని పేరు కారికా. హలాల్ భోజనం ఎక్కడని వెతుక్కోవలసిన పని మన పాఠకులకు ఇక్కడ ఎటూ లేదు.

పేర్లలో దాగిన పాతకాలం

డియెంగ్ అన్న పేరు ‘ది హ్యాంగ్’ నుంచి వచ్చిందంటారు. హ్యాంగ్ అంటే పాత జావా భాషలో దేవతలు, పూర్వీకుల ఆత్మలు. వాళ్ళ నివాసం డియెంగ్. ఇప్పుడు ఆ నేల మీద ఉంటున్నవారిలో దాదాపు అందరూ ముస్లిములు. మస్జిదులో అజాన్‌కు ముందు బెదుగ్ అనే పెద్ద డోలు మోగుతుంది. గురువారం రాత్రి ఇళ్ళలో గుమికూడి యాసీన్ పఠిస్తారు. అయినా ఆ పాత మాట పోలేదు. నమాజును ఇండొనేసియాలో సలాత్ అనే కాక సెంబహ్యాంగ్ అని కూడా అంటారు. సెంబా అంటే నమస్కరించడం, రెండో ముక్క ఆ హ్యాంగే. ఉపవాసాన్ని పువాసా అంటారు. అది మన ఉపవాసం మాటే. స్వర్గం సుర్గా, నరకం నెరాకా, ఊరు దేశా. మతం మారినప్పుడు మనుషులు నోట్లో మాటలను కూడా ఉమ్మేయాలని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా వినలేదేమో!

పడమటి డియెంగ్ దగ్గర మైదానంలో రాతి గుడులున్నాయి. ఏడెనిమిది శతాబ్దాల నాటివి, జావాలో నిలిచి ఉన్న రాతి కట్టడాల్లో అతి పాతవాటిలో చేరతాయి. బొరొబుదూరు వీటి తర్వాతిదే. ఇక్కడ దొరికిన ఒక శాసనం మీద శక సంవత్సరం 731 అని ఉంది, అంటే క్రీ.శ. 809. శివాలయాలు. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన పల్లవ లిపే మారుతూ మారుతూ ఆనాటి జావా లిపి అయింది. తర్వాత ఏమైందో గాని ఈ కొండల మీద జనం పలచబడ్డారు, మైదానం నీళ్ళతో నిండిపోయింది. 1814లో కార్నేలియస్ అనే అధికారి వచ్చి చూసేనాటికి గుడులు చెరువులో మునిగి ఉన్నాయి. ఆ శతాబ్దం మధ్యలో నీరు తోడించారు. ఇప్పుడు మిగిలినవి ఎనిమిది.

వాటి పేర్లు వింటే తెలుగువారికి చుట్టాలను చూసినట్టుంటుంది. అర్జున, భీమ, ఘటోత్కచ, పుంతదేవ, సెంబద్ర, శ్రీకండి, ద్వారవతి, సెమార్. పుంతదేవ అంటే ధర్మరాజు. సెంబద్ర సుభద్ర. శ్రీకండి మన శిఖండి. అక్కడ మాత్రం ఆమె ఆడదే, విల్లు పట్టిన వీరురాలు, పైగా అర్జునుడి భార్య. సెమార్ మన భారతంలో లేడు, తోలుబొమ్మలాటలో వచ్చే హాస్యగాడు. ఇవి గుడులు కట్టినవారు పెట్టిన పేర్లు కావు. వందల ఏళ్ళ తర్వాత అక్కడివారు తమకు తెలిసిన బొమ్మలాట కథల నుంచి పెట్టుకున్నవి. మైదానంలో నీరు బయటికి పోవడానికి ప్రాచీనులు తవ్విన భూగర్భ కాలువకు అశ్వత్థామ సొరంగమని పేరు. కాస్త దూరంలో చంద్రదిముక అనే బిలం. పసివాడైన ఘటోత్కచుడిని అందులో పడేసి ఉడికిస్తే ఇనుప ఎముకలు, తీగల్లాంటి నరాలతో బయటికి వచ్చాడని జావా కథ. ఈ నేల మీద పుట్టిన పిల్లవాడికి అలాంటి శరీరం అవసరమేనని నాకు తోచింది.

ఈ గుడుల చుట్టూ గడ్డి కోసేది, యాత్రికులకు దారి చూపేది, కథలు చెప్పేది ఈ ఊళ్ళ ముస్లిములే. తొమ్మిదిమంది వలీలు జావాలో ఇస్లాంను ప్రచారం చేశారని, వారిలో సునన్ కలిజగా తోలుబొమ్మలాటనే అందుకు వాడుకున్నారని అక్కడి సంప్రదాయం. ఆ నేపథ్యం తెలిస్తే అర్జునుడి గుడి పక్కన నుంచి అజాన్ వినిపించడం వింతగా ఉండదు.

జడల పిల్లలు

ఈ ఊళ్ళలో ఒకటి రెండేళ్ళు దాటిన కొందరు పిల్లలకు ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం వస్తుంది. తగ్గేసరికి జుట్టు జడలు కట్టి ఉంటుంది. దువ్వినా విడదు. కత్తిరిస్తే మళ్ళీ జ్వరం, మళ్ళీ జడలు అని తల్లులు చెబుతారు. ఈ ప్రాంతానికి ఆదిపురుషుడని చెప్పుకునే క్యాయి కొలొదెతె అంశ ఆ పిల్లల్లో ఉందని నమ్మకం. అందుకని ఆ జుట్టుకు ఎవరూ చేయి పెట్టరు. తీసేయమని పిల్లే స్వయంగా అడగాలి. అడిగేటప్పుడు ఒక కోరిక కూడా కోరుతుంది. అది తీర్చి తీరాలి. మేకపిల్ల కావాలనవచ్చు, సైకిలనవచ్చు, ఐస్‌క్రీం అన్నా అనవచ్చు. పేదింటి తండ్రికి ఐస్‌క్రీం అడిగిన బిడ్డ వరం, మోటారుసైకిలు అడిగిన బిడ్డ పరీక్ష. కోరింది సమకూర్చేదాకా జుట్టు అలాగే ఉంటుంది.

2010 నుంచి ఏటా జరుపుతున్న డియెంగ్ ఉత్సవంలో గుడుల ఆవరణలోనే ఈ జుట్టు తీసే వేడుక చేస్తున్నారు. దువా చదువుతారు, అన్నం కుప్పగా పోసి అందరూ పంచుకుంటారు, కత్తిరించిన జడలను నీటిలో వదులుతారు. వేలమంది చూడటానికి వస్తారు. ఇలాంటి ఆచారాల మీద ఇండొనేసియా ఉలమాలు అందరిదీ ఒకే మాట కాదు. దువాతో చేసే విందులో తప్పేముందనేవారు, మూఢనమ్మకం అనేవారు ఇద్దరూ ఉన్నారు. టిక్కెట్టు పెట్టి వేదిక మీద చేయడం మాత్రం నాకు నచ్చలేదు. ఇంటి గుమ్మంలో జరగవలసిన ముచ్చట అది.

కనబడని మృత్యువు

1979 ఫిబ్రవరి 20, మంగళవారం. తెల్లవారకముందే డియెంగ్ పీఠభూమి పడమటి భాగంలో భూమి పలుమార్లు కంపించింది. ఆ తర్వాత సినిలా అనే బిలం పెద్ద శబ్దంతో పేలి ఆవిరి, బురద, రాళ్ళు ఎగజిమ్మింది. దగ్గరలో ఉన్న కెపుచుకన్ గ్రామస్థులు లేచి, పిల్లాపాపలను వెంటబెట్టుకుని బాతుర్ వెళ్ళే దారి పట్టారు. ఎవరైనా చేసేది అదే. పేలుతున్న చోటి నుంచి దూరంగా పోవాలి. కాని ఆ దారి పక్కనే తింబాంగ్ అనే మరో బిలం ఉంది. భూకంపానికి అక్కడి నేల పగిలి కార్బన్ డయాక్సైడ్ వాయువు వెలువడి దారిని ముంచెత్తింది.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నీటిలా పల్లానికి పారుతుంది, గుంటల్లో నిలుస్తుంది. చీకట్లో పరుగెత్తుతున్నవారు అందులోకి వెళ్ళారు. కొద్దిసేపటిలోనే స్పృహ తప్పి పడిపోయారు. ముందు పడినవారిని లేపడానికి వంగినవారు కూడా పడిపోయారు. ఆ రోజు 149 మంది మరణించారని లెక్క. ఒంటి మీద గాయం లేకుండా, నిద్రపోతున్నట్టు దారి మీద పడి ఉన్న శరీరాల ఫోటోలు ఆ దేశాన్ని కలచివేశాయి. ఈ జిల్లాకే చెందిన గాయకుడు ఎబియెత్ జి. ఆదే అదే ఏడాది పాడిన ఒక పాట ఈ దుర్ఘటన గురించేనని ఇండొనేసియాలో చాలామంది అంటారు. కెపుచుకన్ ఊరు ఖాళీ అయింది.

వాళ్ళు ఇంట్లోనే ఉండిపోతే బతికేవారేమో అన్న మాట ఎవరి మనసులోనైనా మెదులుతుంది. అది పైకి అనకపోవడమే మంచిది. చెవికి వినిపించిన ప్రమాదం నుంచి పారిపోయారు. కంటికి కనిపించని ప్రమాదం ఎదురైంది. అందులో వాళ్ళ దోషం ఏముంది?

ఆ తర్వాత ఈ ప్రాంతంలో వాయువులను కొలిచే పరికరాలు పెట్టారు, ప్రభుత్వం వారి పరిశీలన కేంద్రం రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. 2011లో తింబాంగ్ నుంచి మళ్ళీ వాయువు వెలువడినప్పుడు వెయ్యిమందికి పైగా ఊళ్ళు ఖాళీ చేశారు. 2013లోనూ గ్యాస్ వచ్చింది. ఈసారి దారి మీద ఎవరూ చనిపోలేదు. బిలానికి దగ్గరలో పొలాలున్న రైతులకు ఇప్పుడు కొన్ని సంగతులు కంఠతా వచ్చు. ఎండ లేకుండా, గాలి ఆడకుండా, మంచు పట్టి ఉన్న ఉదయం పొలానికి పోకూడదు. వాయువును చెదరగొట్టేది ఎండా గాలే. దారిలో గడ్డి ఒక్కచోటే మాడి ఉన్నా, పిట్టలు, పురుగులు చచ్చి పడి ఉన్నా వెనుదిరగాలి. పల్లంలో పడిపోయినవారిని చూసి పరుగున దిగకూడదు. ఈ ఆఖరిది చెప్పడం తేలిక. పడిపోయింది మన తమ్ముడైతే పాటించడం ఎవరి తరం?

ఇక్కడి బిలాలు ముందస్తు కబురు పంపకుండానే పేలుతుంటాయి. 2017 జులై 2న, రంజాన్ పండుగ సెలవుల రద్దీలో, సిలేరి బిలం ఒక్కసారిగా వేడినీళ్ళు, బురద చిమ్మింది. చూడటానికి వచ్చినవారిలో పదిమందికి పైగా గాయపడ్డారు. సహాయం కోసం బయలుదేరిన హెలికాప్టర్ దారిలో కొండను ఢీకొని అందులోని ఎనిమిది మందీ మరణించారు.

లెగెతాంగ్ కథ

బాతుర్ దగ్గర పొలాల మధ్య ఒక స్తూపం ఉంది. అక్కడ ఒకప్పుడు లెగెతాంగ్ అనే పల్లె ఉండేది. 1955 ఏప్రిల్ 16 రాత్రి, తెల్లవారితే 17, జోరువానలో ఎదుటి కొండ విరిగి ఊరి మీద పడింది. ఊరివారు 332 మంది, ఆ రాత్రి చుట్టపుచూపుగా వచ్చినవారు 19 మంది, మొత్తం 351 ప్రాణాలు. ఇల్లూ వాకిలీ ఏదీ పైకి కనిపించలేదు.

ఈ సంఘటన ఇండొనేసియా మత ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. ఆ ఊరు సంపన్నమైనదని, పంట చుట్టుపక్కల పోయినా అక్కడ పండేదని, కృతజ్ఞత మరిచి జూదంలో, తాగుడులో, నాట్యాల్లో మునిగిందని, అందుకే దైవాగ్రహం వచ్చిందని చెబుతారు. భయభక్తులు కలిగించాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆ 351 మందిలో పాలుతాగే పిల్లలు లేరా? ఆ రాత్రి ఆ ఊళ్ళో తహజ్జుద్‌కు లేచిన ముసలమ్మ ఒక్కతి కూడా లేదా? చనిపోయినవారు వచ్చి తమ మీద వేసిన నిందకు జవాబు చెప్పుకోలేరు. అదే కథలో ఇంకొక వివరం కూడా ఉంది. దాన్ని మాత్రం ప్రసంగాల్లో అంతగా నొక్కి చెప్పరు. దుర్ఘటనకు కొన్ని వారాల ముందు నుంచే గడ్డి కోసుకునేవారు ఆ కొండ మీద పొడవైన, లోతైన పగులును చూశారట. ఊళ్ళో చెప్పారట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట. నాకైతే ఖుత్బాలో చెప్పదగ్గ విషయం ఇదేననిపిస్తుంది.

ఎందుకంటే ఆ కొండల్లో అలాంటి పగుళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి. 2014 డిసెంబరు 12, శుక్రవారం. అదే బంజర్నెగరా జిల్లాలో జెంబ్లుంగ్ అనే పల్లె మీద కొండచరియ విరిగిపడి సుమారు వందమంది చనిపోయారు.

దుంప తెచ్చిన సిరి

ఇంత తెలిసీ వాళ్ళు ఆ నేలను ఎందుకు అంటిపెట్టుకుని ఉన్నారని అడగడం తేలికే. జవాబు మట్టిలో ఉంది. బూడిద కలిసిన నల్లటి, గుల్లటి మట్టి. వేలు గుచ్చితే దిగబడుతుంది. పూర్వం ఇక్కడ మొక్కజొన్న, పొగాకు పండించేవారు. 1980ల నుంచి బంగాళాదుంప ముంచెత్తింది. ఏడాదికి రెండు మూడు పంటలు. కొన్నేళ్ళలోనే వెదురు తడికల ఇళ్ళు పోయి సిమెంటు ఇళ్ళు, ఇళ్ళ ముందు వ్యాన్లు, ఊరూరా టైల్స్ పరిచిన కొత్త మస్జిదులు లేచాయి. తండ్రులు కలలో కూడా అనుకోని హజ్‌ను కొడుకులు దుంప డబ్బుతో చేసి వచ్చారు. భార్యాభర్తలు కలిసి వెళ్ళినవారు, తల్లిని కూడా తీసుకువెళ్ళినవారు ఎందరో. అలాంటి పంటను వదులుకోమని ఎవరు చెప్పగలరు?

కాని దుంప తన వెల తాను రాబట్టుకుంటోంది. వేరు దగ్గర నీరు నిలిస్తే బంగాళాదుంప కుళ్ళిపోతుంది. అందుకని బోదెలను కొండవాలుకు అడ్డంగా కాక నిలువుగా, పై నుంచి కిందికి వేస్తారు. వాన పడగానే నీరు చకచక దిగిపోతుంది. దానితోపాటు మట్టి కూడా దిగిపోతుంది. పైనున్న చెట్లు ఎప్పుడో కొట్టేశారు. మట్టి పలచబడిన కొద్దీ లారీల కొద్దీ కోళ్ళ ఎరువు, మందులు తెచ్చి పోయాలి. ఖర్చు పెరిగింది, దిగుబడి మునుపటిలా లేదు. కొట్టుకుపోయిన మట్టి సెరాయు నదిలో కలుస్తుంది. ఆ నది పుట్టేది డియెంగ్‌లోనే. పుట్టిన ఊటకు భీముడి పేరే. నది మోసుకుపోయిన మట్టి దిగువన మ్రిచా జలాశయంలో పేరుకుని దాన్ని పూడ్చేస్తోంది. పొలాల గట్ల మీద కొండబొప్పాయి, కాఫీ మొక్కలు నాటి నేలను నిలబెట్టాలని కొందరు రైతులు ప్రయత్నిస్తున్నారు. కొండబొప్పాయి ఇప్పటికే ఆడవాళ్ళకు పాకం సీసాల పని కల్పించింది. దుంపలా ఏటా మట్టి తిరగేసే పని దానికి లేదు. కాని అప్పు తీర్చవలసిన రైతుకు చెట్టు ఎదిగేదాకా ఆగే ఓపిక ఎక్కడిది?

వెళ్ళదలచినవారికి జులై, ఆగస్టు మంచి నెలలు. వానలుండవు, ఆకాశం తేటగా ఉంటుంది. ఉత్సవం కూడా అప్పుడే. ఆ రోజుల్లోనే ఒక్కో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు, అంతకు కిందికి దిగిపోతుంది. తెల్లవారేసరికి అర్జునుడి గుడి చుట్టూ గడ్డి మీద తెల్లటి మంచు పొర. ఉష్ణదేశంలో మంచు! రాత్రికి రాత్రే కబురు పాకి కార్లు బారులు తీరుతాయి. పిల్లలు ఆ మంచును గీకి ముద్దలు చేస్తారు. అక్కడివారు దాన్ని బున్ ఉపాస్ అంటారు, అంటే విషపు మంచు. అది పడిన బంగాళాదుంప ఆకు ఎండ తగలగానే కాలినట్టు నల్లబడిపోతుంది. అందుకే ఆ ఉదయం గుడి ముందు ఫోటోలు తీసుకుంటున్నవారికి పక్క పొలంలో లుంగీ తలమీదుగా కప్పుకున్న మనిషి ఒకరు కనిపించవచ్చు. ఎండ రాకముందే ప్రతి మొక్క మీదా నీళ్ళు చల్లి మంచును కడుగుతుంటాడు.